మూడు పీచు ఉండలు

బస్రాలో ఓడలు కుట్టేవాళ్లం మేము. మేకులు వాడం. పలక పక్కన పలక పెట్టి, అంచుల్లో బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో బిగించి కుడతాం. తాడు దూరాక బెజ్జంలో మిగిలిన సందులోకి పీచు ఉండ కుక్కి, కొయ్యసుత్తితో లోపలికి దిగ్గొట్టి, పైన గుగ్గిలం, సొరచేప నూనె పట్టిస్తాం. ఆ ఉండ సరిగ్గా కూర్చోకపోతే మిగతా పనితనం ఎంత ఉన్నా దండగే.

ఈ పని నేను రుజైక్ బాబాయ్ దగ్గర పట్టుకున్నాను. నేర్పమని అడిగితే "చూడు" అన్నాడు. రెండేళ్లు చూశాను. సముద్రం అవతలి తీరం నుంచి చిన్నప్పుడు బందీగా తెచ్చారట ఆయన్ని. కొన్న ఇంటివాళ్లే పెద్దయ్యాక విడిచిపెట్టారు. ఒకే అంగీ ఉండేది. వారంలో నాలుగు రోజులు ఉపవాసం. నమాజులో నిలబడితే గడ్డం తడిసేదాకా ఏడ్చేవాడు, చుట్టూ ఎవరున్నారో పట్టేది కాదు. ఊళ్లో ఆయనకి పెద్ద పేరు. తమకోసం దేవుణ్ణి వేడుకుని దువా చేయమని ఎంతోమంది పని దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్ల చేతికి తాడు కొస ఇచ్చి, "కొంచెం గట్టిగా లాగి పట్టుకో నాయనా" అనేవాడు. ఒక పూట పట్టుకున్నాక చాలామంది వచ్చిన సంగతి మరిచిపోయి, అరచేతులు ఊదుకుంటూ ఇంటికి పోయేవాళ్లు.

బెజ్జానికి ఒక్కసారి 'సుబ్‌హానల్లా' అని దేవుణ్ణి తలుచుకుంటూ పని చేయడం ఆయన అలవాటు. పెదాలు కదులుతూనే ఉండేవి, సుత్తి పడుతూనే ఉండేది. అది చూసే కొందరు సరంగులు మా దగ్గర ఓడ కుట్టించుకునేవాళ్లు.

ఆ ఏడు మిహ్రాన్ సరంగుకి ఒక ఓడ కుట్టాం. అబ్బాదాన్‌లో తీరం కాపలా కాస్తూ, ప్రార్థన చేసుకుంటూ గడపడానికి వెళ్లే నలభై మందికి పైగా జనం అందులో ఎక్కారు. తెల్లవారి ఆటుకి నీళ్లు సముద్రం వైపు తీస్తుంటే ఓడ కాలవ దిగి వెళ్లిపోయింది. పొద్దెక్కాక నేను తాళ్లు సర్దుతుంటే బాబాయ్ తన బుట్ట ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"బుందార్, నిన్న కుక్కిన ఆఖరి వరసలో బెజ్జాలెన్నిరా?"

"నలభై."

"ఉండలు నలభై చుట్టాను. మూడు మిగిలాయి."

"ఎక్కువ చుట్టుంటావులే. నీకు లెక్కలు ఎప్పుడొచ్చాయి గనక?"

"అయ్యుండొచ్చు. కుక్కడం మరిచి కూడా ఉండొచ్చు."

"నీ చెయ్యి మరవదు బాబాయ్."

"చేతి సంగతి నాకు తెలీదు. నేనే అక్కడ లేను." ఆయన ఆ మూడు ఉండల్ని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. "జపంలో నలభై ఏళ్లుగా అడుగుతున్న తీపి నిన్న మధ్యాహ్నం దొరికిందిరా. ఎండ లేదు, ఓడ లేదు, నేను లేను. అంత హాయి ఎన్నడూ ఎరగను. మళ్లీ కళ్లు తెరిచేసరికి వరస చివర ఉన్నాను. మధ్యలో ఏం చేశానో ఒక్క దెబ్బా గుర్తులేదు."

తాడు ఉన్నంతవరకు మూయని బెజ్జం కూడా కొన్నాళ్లు మోసం చేస్తుంది. నీళ్లు కొద్దికొద్దిగానే వస్తాయి. సముద్రంలో అలలకి తాడు ఒరుసుకుని సడలాక ఇక తోడి ప్రయోజనం ఉండదు.

సుత్తి, గుగ్గిలం వేసుకుని, ఓడని అందుకోవాలని మా చిన్న దోనె తీశాం. ఆయన భార్య లుబాబా పిన్ని ఒడ్డుకి పరుగున వచ్చి రొట్టెలు, ఖర్జూరాలు నా ఒళ్లో పడేసింది.

"ఆయన ఉపవాసమంటాడు, నువ్వు తిను. స్వర్గం సంగతి ఆయన చూసుకున్నాడు, ఇంటి సంగతి నాకొదిలాడు. ఇవాళ నీళ్ల సంగతి నీ మెడకి చుట్టుకుంది."

"ఆ నలభై మందీ క్షేమంగా ఉండాలని దువా చెయ్యవే," అన్నాడు బాబాయ్.

"చేస్తాను గానీ, ముందు తెడ్డు వెయ్యండి!"

ఆటు ఇంకా దిగుతోంది. దారి పొడవునా ఆయన తెడ్డు వేస్తూనే ఉన్నాడు. ఉబుల్లా రేవులో మా అదృష్టం కొద్దీ ఓడ ఆగి ఉంది, మంచినీళ్ల జాడీలు ఎక్కిస్తున్నారు. మమ్మల్ని చూసి మిహ్రాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏం పెద్దాయనా, నువ్వూ వస్తున్నావా? ఎక్కు, ఎక్కు. నువ్వుంటే గాలి తనంతట తనే వీస్తుంది."

"ఎడమవైపు అడుగు వరసలో మూడు బెజ్జాలు మూయలేదేమోనని అనుమానం. చూడాలి."

"అనుమానమా? ఆ వరస మీద రెండొందల బుట్టల ఖర్జూరముంది. అవి దించేలోపు ఆటు కాస్తా పోతుంది."

"ఆయన కుట్టిన ఓడ మునగదు!" అని ఎవరో అరిచారు. "ఆయన చెయ్యి పడితే చాలు!" అన్నారు ఇంకొకరు.

బాబాయ్ ముఖం వాడిపోయింది. "నా చేతిని నమ్మకండి నాయనలారా," అన్నాడు. ఇక వాదించలేదు. ఓడలోకి దిగి మొదటి బుట్ట తనే ఎత్తి పైకి తెచ్చాడు. రెండోది తెచ్చాడు. మూడో దానికి కాళ్లు తడబడ్డాయి. నేను పట్టుకోబోతే తోసేశాడు.

అప్పటిదాకా మూట మీద తలపెట్టుకుని పడుకున్న ఒక ముసలావిడ లేచి కొంగు బిగించింది. "చూస్తూ కూర్చోడానికి నాకే సిగ్గేస్తోంది. నిలబడ్డ మగాళ్లకి లేదేం?"

దాంతో నలుగురు లేచారు, తర్వాత అందరూ లేచారు. బుట్టలు చేతుల మీదుగా పైకొచ్చాయి. మిహ్రాన్ గొణుగుతూనే తనూ వరసలో నిలబడ్డాడు. అట్టడుగు బుట్టలు చెమ్మగా తగిలాయి.

"కొత్త ఓడ కాస్త నీళ్లు తాగుతుంది, మామూలే," అన్నాడు మిహ్రాన్. గొంతులో మాత్రం ఇందాకటి జోరు లేదు.

బాబాయ్ బోర్లా పడుకుని వరస చివర నుంచి ఒక్కొక్క బెజ్జాన్నీ వేలితో తడుముతూ వచ్చాడు. సగం వరసకి పైగా అయింది. నేను ఊపిరి వదలబోతున్నాను.

"ఇక్కడ," అన్నాడు. వెనువెంటనే, "ఇక్కడ." పక్కదాని మీద వేలు పెట్టి, "ఇదీ."

మూడూ ఒకదాని పక్కన ఒకటి. తాడు చుట్టూ నీళ్లు సన్నగా ఊరుతున్నాయి. నేను గుగ్గిలం కాచాను. బాబాయ్ అవే మూడు ఉండలు తీసి కుక్కి, దిగ్గొట్టాడు. పెదాలు కదలలేదు. కళ్లు సుత్తి మీదే ఉన్నాయి. పూత పెట్టి గుడ్డతో తుడిచి, చాలాసేపు చేత్తో తడిమి చూశాం. పొడిగా ఉంది. మిగతా వరసలన్నీ కూడా చూశాకే ఆయన లేచాడు.

మిహ్రాన్ ఒక బుట్ట మీద కూలబడ్డాడు. "ఎవరికీ చెప్పకండి గానీ, నాకు ఈత రాదు."

ఓడ ఓడంతా విరగబడి నవ్వింది. నవ్వుతూనే కొందరు కళ్లు తుడుచుకున్నారు. బాబాయ్ మాత్రం ఒక్కొక్కరి ముందుకూ వెళ్లి క్షమించమని అడిగాడు. కొందరు ఆయన చెయ్యి ముద్దు పెట్టుకోబోతే లాక్కున్నాడు. ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వొచ్చి చెప్పావు గనక మేమున్నాం క్షమించడానికి. లేకపోతే చేపల్ని అడగాల్సొచ్చేది. పో నాయనా, క్షమించాను. ఆ బుట్టలు మళ్లీ నన్ను మొయ్యమనకు."

ఆటు ఎలాగూ తప్పిపోయింది. ఓడ తర్వాతి ఆటుకి బయల్దేరుతుందని మిహ్రాన్ తనే చాటి చెప్పాడు. ఒడ్డున పొద్దు వాలాక అసర్ నమాజు చేసుకుని మేం పోటుతో వెనక్కి తిరిగాం. నీళ్లే దోనెను మోస్తున్నాయి, తెడ్డు వేసే అవసరం పెద్దగా లేదు. కొంచెం దూరం వచ్చాక వెనక్కి చూస్తే బాబాయ్ తాళ్లచుట్ట మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. ఇన్నేళ్లలో ఆయన నిద్రపోగా నేను చూడలేదు. రాత్రంతా నమాజులోనే ఉంటాడని పిన్ని చెప్పేది.

ఒడ్డున ఆవిడ నిలబడే ఉంది. దోనెలో ఆయన్ని చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఏమైందిరా ఈయనకి?"

"ఏం కాలేదు పిన్నీ, నిద్రపోయాడు. ఓడ బాగుంది. అందరూ బాగున్నారు."

"నిద్రా? ఈయనా?" ఒడ్డు మీద చతికిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "లేపకు. పొద్దుగుంకి మగ్రిబ్ అజాన్ పిలిచేదాకా ఇంకా సమయముంది."

దోనెను గుంజకి కట్టి, నేనూ ఆవిడ పక్కన కూర్చుని, మిగిలిన రొట్టె తిన్నాను.

మర్నాడు ఇంకో ఓడ పని దగ్గరికి ఆయన చంకలో ఒక గడ్డి కట్టతో వచ్చాడు. కుట్టిన వరసలో ప్రతి బెజ్జానికీ ఒక గడ్డిపరక గుచ్చాడు. ఉండ కుక్కేటప్పుడు పరక తీసేయాలి. పరక కనిపిస్తే అక్కడ పని మిగిలి ఉందన్నమాట.

"మరి జపం మానేస్తావా బాబాయ్?" అన్నాను.

"ఎందుకు మానతాను? నేనెక్కడికి పోయినా ఈ గడ్డి మాత్రం ఇక్కడే ఉంటుందిగా. తాడు పట్టుకో."