మైకు కట్టేసిన మీటింగు

ఈ సంగతి అప్పుడే రాయవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు, సంతకం అడిగితే వేలిముద్ర వేసేదాన్ని. యాభై దాటాక పలక పట్టాను. ఈలోగా ఇంకెవరైనా రాస్తారేమో అని చూశాను. ఎవరూ రాయలేదు.

నాలుగేళ్ల కిందటి వానాకాలం. విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో, స్పిన్నింగ్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. జనపనారను నూలుగా వడికే చోటు అది. ఫ్రేములు, అంటే వడికే యంత్రాలు, తిరుగుతుంటే పక్కమనిషి కేక కూడా వినబడదు. అందుకే మేమంతా చేతులతోనే మాట్లాడుకుంటాం. యంత్రం ఆపాలంటే రెండు పిడికిళ్లూ తలపైన అడ్డంగా పెడతాం.

నా పక్క ఫ్రేము గౌరిది. ఆమెకు పుట్టుకతోనే వినికిడి లేదు. ఒకరోజు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది: చెవులు వినబడనివాళ్లు యంత్రాల దగ్గర ఉంటే ప్రమాదం, గౌరి ఇకమీదట గోడౌన్ ఊడ్వాలి.

మా యూనియన్ సెక్రటరీ నాకు వరసకి బావ. వెళ్లి అడిగాను.

"ఏదైనా అయితే ఎవులు పూచీ? ఊడిసే పనైనా ఇస్తన్నారు గదే, సర్దుకోమను" అన్నాడు.

"ఫ్రేముల కాడ నా గొంతు నీకెప్పుడైనా ఇనిపించినాదేటి బావా? మరి నన్నూ ఊడవమను."

"నీ నోటికి దండమే తల్లీ! మీటింగులో అడుగు, పో."

సాయంత్రం గేటు దగ్గర మీటింగు. చందా కట్టిన గౌరి ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చుని నోళ్లవైపు చూస్తోంది. నా వంతు రాగానే "మైకు కట్టెయ్యండి" అన్నాను. చేతులతో మొదలుపెట్టాను: ఫ్రేము గౌరిది. చీపురు ఆమెది కాదు.

గౌరి లేచి నిలబడింది. నన్ను పక్కకి జరిపింది. జాలి వద్దు, నా ఫ్రేము నాకు కావాలి, మీరేం చేస్తారు? అని తన చేతులతో తనే అడిగింది.

పిడికిళ్లు లేచాయి, తలలపైన అడ్డంగా. బావవి కూడా, కాస్త ఆలస్యంగా.

యంత్రాల హోరులో గౌరి ఏనాడూ ఒంటరి కాలేదు. ఆమెను వెలివేసింది మా మైకు. ఆ మీటింగు నాకు నేర్పింది అదే. గౌరి ఈరోజుకీ ఆ ఫ్రేము మీదే ఉంది.

మీటింగు అయిన మర్నాడు పొద్దున మేస్త్రి చీపురు పట్టుకుని మా వరసలోకి వచ్చాడు. గౌరిని చూపిస్తూ ఏదో అరిచాడు. నేను ఫ్రేము ముందు అడ్డంగా నిలబడి, వినబడటం లేదు, చేతులతో చెప్పు, అని సైగ చేశాను.