హంసల అంచు పాఠం

మా ఇంటి ఓనరు కళావతిది అనుమానపు బుద్ధి అని వీధి వీధంతా అంటుంది. ఆమె కూడా కాదనదు, కాకపోతే దాన్ని జాగ్రత్త అంటుంది. గ్యాస్ బండ వస్తే కాటాకు తగిలించి చూడనిదే లోపలికి తేనివ్వదు. కూరగాయల బండివాడు కొసరు ఎక్కువ వేస్తే, తూకంలో ఎంత కోశాడోనని మళ్లీ తూయిస్తుంది. గద్వాలలో జూనియర్ కాలేజీ పిల్లలకు కామర్స్ చెప్పే ఉద్యోగం వచ్చి నేను వాళ్ల మేడమీది గది అడిగినప్పుడు, వనపర్తిలో అంతకుముందు నేనున్న ఇంటావిడకు ఫోన్ చేసి నా పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆరా తీసింది. ఆ సంగతి ఆ ఇంటావిడే నాకు చెప్పింది. ఒళ్లు మండి కిందికి దిగి అడిగేశాను.

"మంచి మనిషి అనే జెప్పింది గద మేడమ్, గింక కోపమెందుకు?" అని కళావతి నన్నే అడిగింది.

నేత ఆ ఇంటి పని. భర్త గణేష్ నడుం నొప్పితో మగ్గం దిగి రాయచూరు రోడ్డు మీద ఆటో నడుపుతున్నాడు. ఇప్పుడు మగ్గం మీద కూర్చునేది కళావతి, ఆమె పక్కన తోడికోడలు రమ్య. కుట్టు అంచు చీర ఒక్కరితో అయ్యేది కాదు. నడుమ నూలు ఒకరు నేస్తుంటే, అంచు పట్టుకు, దారపు కండెతో అటూ ఇటూ తిరిగే వేరే నాడె ఇంకొకరు అందించాలి. ప్రతి పోగు దగ్గరా నూలూ పట్టూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి, అదే కుట్టు. రమ్య ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నాటి నుంచీ అంచు వైపు చోటు ఆమెదే. పని నడుస్తున్నప్పుడు ఇద్దరికీ మాటలు అక్కర్లేదు. మెట్ల మీద నిలబడి నేను చాలాసార్లు చూశాను. లోకంలో కళావతి సరిచూసుకోకుండా చేయి చాపేది ఒక్క రమ్య వైపే.

నూలు, పట్టు షావుకారు భీమయ్యవి. అంచు కూడా ఆయన చెప్పిందే. ఆయన పంపిన చిల్లుల అట్టలు మగ్గం మీది జకార్డు పెట్టెకు తగిలించి, ఆయన అడిగిన పువ్వే నేయాలి. కళావతికి ఒక కోరిక ఉండేది. తన చేత్తో గీసుకున్న అంచుతో ఒక్క చీర నేయాలి. అది భీమయ్య చెవిన పడితే నూలు ఆపేస్తాడు. ఇలా ఆశపడ్డ వాళ్లకు ఇదివరకు ఆపేశాడు కూడా. నూలు రాకపోతే మగ్గం మూలపడుతుంది. అందుకని ఈ విషయం రమ్యకూ, పైన ఉన్న పాపానికి నాకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. గణేష్‌కు కూడా చెప్పలేదు. ఆటో ఎక్కిన ప్రతివాడికీ చెప్తాడని ఆమె భయం.

ఫోన్‌లో అంచులు గీయడం తెలుగులో నేర్పే సైటు ఒకటుందని ఎక్కడో విన్నది. ఫోను కూడా ఆమె కొన్నది కాదు. భీమయ్య కూతురు సుహాసిని కొత్తది కొనుక్కుని పాతది ఈమెకిచ్చింది. ఊరికే ఎందుకిస్తున్నదోనని కళావతి చాలా రోజులు దాన్ని ముట్టలేదు. ముట్టాక మొదట చేసిన పని, ముందు కెమెరా మీద బొట్టుబిళ్ల అంటించడం.

ఒక సెలవు రోజు ఆ ఫోన్ పట్టుకుని మేడమీదికి వచ్చింది.

"జర చూడుండ్రి మేడమ్. పాఠం జెప్తనని పిలిచి, ముందుగాల్నే నన్ను ఏమేమో అడుగుతుంది."

చూశాను. 'మేము కుక్కీలను ఉపయోగిస్తాము' అని పైన ఉంది. కింద 'అన్నీ అంగీకరించు' అని పెద్ద ఆకుపచ్చ మీట. దాని కింద కళ్లు చికిలిస్తే తప్ప కనపడని అక్షరాల్లో 'ఎంపికలు'. కుక్కీ అంటే ఆ సైటు మన ఫోన్లో వదిలే చిన్న గుర్తు అని చెప్పాను. ఇస్త్రీ కొట్టు వాళ్లు బట్ట మూలన వేసే గుర్తులాంటిదే. దాన్ని బట్టి మళ్లీ వచ్చినప్పుడు ఫలానా మనిషి అని పోల్చుకుంటారు, ఏం చూశామో ఎంతసేపు చూశామో రాసుకుంటారు, ప్రకటనల వాళ్లకు ఇచ్చుకుంటారు.

"పాఠం ఇని నా దారిన నేను పోత. బడిల పంతులు ఇంటిదాంక ఎంబడి వస్తడా?" అంది కళావతి.

నేనైతే ఇన్నేళ్లుగా ఆ ఆకుపచ్చ మీటే నొక్కుతున్నాను. ఆమె నా మంచం మీద మఠం వేసుకుని కూర్చుని 'ఎంపికలు' తెరిచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'తప్పనిసరి' అన్నవాటిని తీసేయడానికి లేదు. మిగతా మీటలన్నీ ముందే వేసి ఉన్నాయి. 'భాగస్వాముల చట్టబద్ధమైన ఆసక్తి' అన్నచోట ఆగిపోయింది.

"ఆసక్తి వాళ్లదంట. మీట మాత్రం నా పేరు మీద ఏసి వెట్టిన్రు."

భాగస్వాముల జాబితా ఎంత కిందికి లాగినా తరగడం లేదు. ఆమె ఒక్కొక్కరి ఎదుటా మీట ఆపుకుంటూ పోయింది. నేను టీ పెట్టడానికి స్టవ్వు దగ్గరికి వెళ్లాను. ఆలోగా సైటు ఫోన్ నంబరు అడిగిందట. నంబరు ఇవ్వడమనే మాటే ఆమె దగ్గర లేదు. కింద 'ఫోన్‌లో ఉన్న అకౌంటుతో కొనసాగండి' అని ఇంకో దారి ఉంటే అది నొక్కింది. నేను టీ తెచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"నంబరు ఇయ్యకుండనే లోపటికి వోయిన మేడమ్!"

అప్పటి నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక మగ్గం పక్కనే పాఠాలు నడిచేవి. తోడికోడళ్లిద్దరూ ఒకే ఫోన్ మీదికి వంగి అంచు బొమ్మకు గళ్లు నింపుకుంటూ కూర్చునేవాళ్లు. రమ్య తప్పు గడి నింపితే కళావతి నెత్తిన మొట్టేది. ఆ ఇంట్లో అంత నవ్వు నేను ముందెప్పుడూ వినలేదు. వాళ్లను చూస్తే నాక్కూడా ఏదైనా నేర్చుకోవాలనిపించేది.

వరలక్ష్మీ వ్రతం దాటిన తర్వాత భీమయ్య మగ్గం మీది చీర చూసుకోవడానికి వచ్చాడు. నేనప్పుడు మా ఊళ్లో మా వాళ్ల దగ్గర ఉన్నాను. బట్ట వేళ్లతో తడిమి చూసి, వెళ్తూ వెళ్తూ అన్నాడట.

"ఏం కళావతమ్మా, పాఠాలు మంచిగ నడుస్తున్నయా? తామర మొగ్గ దాంక వచ్చినవంట."

నేను తిరిగొచ్చి సంచి దించకముందే కళావతి నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది.

"మీకు భీమయ్య ఇంట్ల ఎవరన్న ఎరుకనా మేడమ్?"

ముందు నన్నే అనుమానించిందన్నమాట. నాకు వాళ్లెవరూ తెలియదని తేల్చుకున్నాక ఫోన్ తెచ్చి, మీటలన్నీ మళ్లీ ఒక్కొక్కటి చూసుకుంది. అన్నీ ఆపినవి ఆపినట్టే ఉన్నాయి.

"సైటు గాదు మేడమ్. అన్నీ బంద్ వెట్టిన గద. అంటే మనిషే."

మీటలు ఆపితే కొన్నే ఆగుతాయి, అన్నీ ఆగవు, ఆ మాట వాళ్లే రాసుకున్నారు కదా అని చెప్పాను. ఆమె వినడం లేదు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న రమ్యను చూస్తోంది. వ్రతం నాడు రమ్య వాయనానికి భీమయ్య ఇంటికి వెళ్లి వచ్చింది. సుహాసిని ఆమెకు జాకెట్ ముక్కతో పాటు గాజులు కూడా పెట్టింది.

"ఎన్నడు లేనిది ఈసారి గాజులెందుకు వెట్టినట్టు?" అంది కళావతి.

ఆ రోజు నుంచి రమ్య బజారుకు పోతే ఎటు నుంచి పోయింది, ఎవరితో నిలబడింది అని లెక్క మొదలైంది. రమ్య ఫోన్ చార్జింగ్ పెడితే ఎవరికి చేసిందో తీసి చూసేది. రమ్య తలుపు చాటున ఎవరితోనైనా మాట్లాడితే ఈమెకు ఆ పక్కనే ఏదో పని గుర్తుకొచ్చేది. రమ్యకు తెలియలేదనుకోవడం కళావతి భ్రమ. ఆ అమ్మాయి నా ఎదుట ఒక్కసారే నోరు విప్పింది. "మా అక్కకు ఏమయింది మేడమ్, నా చేతుల దిక్కు చూస్తలేదు, మొకం దిక్కే చూస్తుంది" అంది.

తర్వాత కళావతి ఒక పరీక్ష పెట్టింది. తామర తర్వాత గోపురం పాఠం రావాలి. దాన్ని వదిలేసి, చివర్లో ఎక్కడో ఉన్న హంసల అంచు పాఠం మొదలుపెట్టానని రమ్య ఒక్కదానికే చెప్పింది. నాకు కూడా చెప్పలేదు. రమ్య నమ్మాలని ఆ హంసల పాఠం నిజంగానే తెరిచి, మగ్గం పక్కన పెట్టి చివరి దాకా నడవనిచ్చింది. భీమయ్య నోట హంసల మాట వస్తే దొంగ రమ్యే.

వచ్చింది. తర్వాతిసారి భీమయ్య నవ్వలేదు కూడా.

"హంసల దాంక ఎగిరినవంట. గీ చీర దిగనియ్యి. నూలు ముచ్చట అప్పుడు జూద్దం."

ఆయన చెప్పుల చప్పుడు వీధి దాటిందో లేదో, కళావతి మగ్గం మీద నుంచే అరిచింది. నేను మెట్లు దిగేసరికి రమ్య నాడె చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"నీకొక్కదానికే జెప్పిన. ఇంకెవ్వరికి జెప్పలే. గాలికి వోయిందా ముచ్చట?"

"నేను జెప్పలేదక్కా."

"నువ్వు గాకుంటె ఎవరు? గాజుల కోసం నా మగ్గానికి గోతి దీస్తవా?"

"నేను జెప్పలేదన్న గద."

"రేపటి సంది మగ్గం ఎక్కకు."

రమ్య మళ్లీ చెప్పలేదు. నాడెను అంచు దగ్గర పెట్టి, ఒళ్లోని పట్టు దారాలు దులుపుకుని వెనక వాటాలోకి వెళ్లిపోయింది. నేను కళావతిని తిట్టాను. ఇల్లు ఖాళీ చేయమంటే చేస్తానని కూడా అన్నాను. "మీకు తెల్వదు మేడమ్, రుజువయ్యింది" అంది. దొంగ దొరికిన సంతోషం ఆమె ముఖంలో నాకెక్కడా కనపడలేదు.

రమ్య సీడు పత్తి చేలకు, పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి పోవడం మొదలుపెట్టింది. పొద్దు పొడవకముందే మల్దకల్ వైపు పోయే ఆటోలో ఆడవాళ్లతో వెళ్లి, ఎండ వాలాక తిరిగి వచ్చేది. కింద మగ్గం మీద చీర సగంలో ఆగింది. కళావతి ఒక్కతే నేయబోయింది. నడుమ నాడె విసిరి, లేచి అంచు వైపు వచ్చి, మళ్లీ నడుమకు వెళ్లి కూర్చునేది. కుట్టు వదులైపోయేది. విప్పేది. పక్కింటి అమ్మాయిని పిలిచి కూర్చోబెడితే, ఆ పిల్ల చేయి కదిలినప్పుడల్లా తన చేయి ఆపి చూసేది. ఆ పిల్ల మర్నాడు రాలేదు.

చివరికి ఒకనాడు ఫోన్ పట్టుకుని పైకి వచ్చింది.

"నాకు పాఠాలొద్దు, గీతలొద్దు. గా సైటుల నా ఆనవాలు లేకుండ తీసెయ్యుండ్రి."

అకౌంటు తీసేయాలంటే దాని వివరాల పేజీకి వెళ్లాలి. తెరిచాను. పేరు అన్నచోట 'సుహాసిని' అని ఉంది. దాని కింద సుహాసిని మెయిల్. ఆ కింద 'ప్రతి పాఠం పూర్తయ్యాక మెయిల్ పంపు' అన్న మీట వేసి ఉంది. పంపిన మెయిళ్ల వరస కూడా అక్కడే కనిపిస్తోంది. అభినందనలు, తామర మొగ్గ పాఠం పూర్తి చేశారు. అభినందనలు, హంసల అంచు పాఠం పూర్తి చేశారు.

"ఇది సుహాసిని పేరు కదా కళావతీ? నీకెప్పుడూ కనపడలేదా?"

"ఎందుకు గనపడలే? రోజు గనపడుతుండె. నా పేరు లేదు గద అని ధైర్నంగ ఉంటి. ఎవరన్న చూసినా గామె అనుకుంటరని."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నంబరు ఇవ్వనని ఆమె నొక్కిన ఆ మీట, పాత ఫోన్లో మిగిలిపోయిన సుహాసిని అకౌంటుతో లోపలికి పంపిందనీ, ఈమె ముగించిన ప్రతి పాఠం కబురూ మెయిల్లో భీమయ్య ఇంటికే చేరిందనీ విడమరిచి చెప్పాను. ఏదీ దాటేయకుండా చెప్పాను. ఆ పరీక్షకు హంసల పాఠం నడవనిచ్చింది కూడా తనే అని చెప్పాను.

కళావతి సైటును తిట్టలేదు, సుహాసినిని తిట్టలేదు. కాసేపు గడప మీద కూర్చుని, లేచి నా చేయి పట్టుకుంది.

"రమ్యకు మీరే జెప్పుండ్రి మేడమ్. నేను జెప్తె నమ్మది."

అప్పుడే చేను నుంచి వచ్చిన రమ్య పెరట్లో కుళాయి దగ్గర వేళ్లకంటిన పుప్పొడి రుద్ది కడుక్కుంటోంది. నేను ఫోన్ చూపించి మొత్తం చెప్పాను. చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్ తీసుకుని, తనే పైనుంచి కిందిదాకా చదివింది. చదివి నాకే తిరిగి ఇచ్చింది.

"తప్పయింది రమ్యా," అంది కళావతి. ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు. కళ్లు నిండి ఉన్నాయి. "రా, మగ్గమెక్కుదం."

"అక్కా, మేడమ్‌కు గిది దొరకకపోతే?"

కళావతి నా చేతిలోని ఫోన్ వైపు చూసింది.

"దొరకకపోతే నేనే గద దొంగను?"

కాదు అంటే అయిపోయేది. నేను పక్కన నిలబడి ఆ ఒక్క మాట అనమని మనసులో బతిమాలుతున్నాను. కానీ కళావతికి అబద్ధం చేతకాదు.

"అవు," అంది.

రమ్య తల ఊపింది. కోపం ఉంటే బాగుండేది, ఆమె ముఖంలో అదీ లేదు.

"నేను జెప్పలేదని గా పొద్దు రెండుసార్లు జెప్పిన. గది నీకు సాలలే. సావుకారి చీర ఆగొద్దు. ఆయితారం వచ్చి దించి పోత. తర్వాత నన్ను పిలువకు."

ఆమె కడిగిన టిఫిన్ గిన్నె తీసుకుని లోపలికి నడిచింది. కళావతి గడప దాకా వెంట వెళ్లింది.

"మరి మన అంచు?"

"అది నీ అంచక్కా," అని రమ్య తలుపు దగ్గరికి వేసుకుంది.