నాలుగు వేళ్ల జాడ

నా చిన్నప్పుడు మా చందూరు పక్కల ఎముకకు ఫోటో తీస్తారంటే నమ్మినవాళ్లు తక్కువ, తిట్టినవాళ్లు ఎక్కువ. తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. తొమ్మిదేళ్ల పిల్లకు తిట్లేమిటంటారేమో, నా నోరు అప్పటికే అంతటిది. ఇప్పుడు పళ్లు ఊడిపోయాయి గాని నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. నేను చెప్పబోయేది కూడా ఆ నోటి సంగతీ, ఆ పళ్ల సంగతీనే.

అవి బోధన్‌లో చక్కెర కార్ఖానా కొత్తగా పొగ వదులుతున్న రోజులు. మా ఊరి మీదుగా చెరుకు బండ్లు వరసగా పోయేవి. పోయే బండి వెనకాల వేలాడి గడ పీక్కోవడం మా పిల్లలందరికీ ఆటే. ఒకరోజు నేను పీకిన గడ రాలేదు, నేనే వచ్చాను. ఎడమ చేయి కింద పడి, దాని మీద నేను పడ్డాను. దొంగతనానికి పోయి పడ్డదాన్ని గనక ఇంట్లో ఎవరూ అయ్యో అనలేదు. మా బాపు తిట్టాడు, నన్ను కన్న అవ్వ రెండు వేసింది, ఆ తరవాత ఊళ్లో కట్లు కట్టే ఆయన్ను పిలిచి వెదురు దబ్బలతో చేయి కట్టించారు.

ఐదు రోజులైనా వాపు దిగలేదు, వేళ్లు ముడవడం రాలేదు. అప్పుడు మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి, హనుమాండ్ల గుడికి పోయి స్వామి పాదాల దగ్గరి సింధూరం తెచ్చింది. నూనెలో రంగరించి, కట్టు విప్పి, మోచేతి నుంచి మణికట్టు దాకా నాలుగు వేళ్లతో మందంగా పూసి మళ్లీ కట్టింది. పదకొండు రోజులు కడగనని స్వామికి మొక్కుకుంది. మర్నాడు నా వేళ్లు నల్లబడుతున్నాయని బాపు భయపడి బండి కట్టాడు. నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోవాలన్నాడు. దారి పొడుగునా బాపమ్మ నాకు ఒకటే మాట చెప్పింది.

"దవాఖాన్ల ఏం పూసిండ్రని అడుగుతరు. దేవుని సంగతి వాళ్లకెందుకే? చెప్తే స్పిరిటు వెట్టి కడుగుతరు. నోర్మూసుకొని ఉండు."

నోరు మూసుకోమంటే నాకు మంట. కాని స్వామి అంటే భయం, అందుకని ఊ అన్నాను.

దవాఖానలో డాక్టరు నా చేతిని చూసి, దబ్బలు విప్పకుండా ఫోటో తీయించుకు రమ్మన్నాడు. అది చూశాకే ఎముక సరిచేస్తానని, పొద్దు వాలకముందే కావాలని చెప్పాడు. బాపు ఎడ్ల దగ్గర ఉండిపోయాడు. బాపమ్మా నేనూ వెనక వరండాలోకి పోయాం. అక్కడొక చీకటి గది, దాని పక్కన రేకుల షెడ్డులో దడదడమని కొట్టుకునే నూనె ఇంజను. ఆ ఇంజను ఇచ్చే కరెంటుతోనే ఫోటో మిషను నడిచేది. గదిలో ఇద్దరు. ఒకాయన మిషను సాబు. నొసట ఇంత బొట్టు, దవడలో పాను, ఎవరిని చూసినా గుమ్మం అవతలికి తోసేలాంటి చూపు. రెండో ఆయనకు ఇరవై ఏళ్లుంటాయి, పని నేర్చుకుంటున్నవాడు. ఇందల్వాయి వాడట, సాలె ఇంటి పిల్లవాడు. నేర్చుకునే అన్న అందాం.

వాళ్ల సంగతులు మాకెట్లా తెలిశాయంటే, ఆ సాబు గొంతు అట్లాంటిది. వరండాలో కూర్చున్న పదిమందికీ ఆ అన్న జాతకం వినిపించేశాడు. నాలుగు నెలలు నేర్చుకోవాలట. మొదటి నెలంతా నీళ్లు మోయించాడు, రెండో నెల ఇంజను తుడిపించాడు. ఏదైనా అడిగితే ఎద్దు అనేవాడు, అడగకపోతే గాడిద అనేవాడు. అప్పటికే రెండు ఫిల్ములు పాడయ్యాయి, ఒకటేమో ఇంజను మధ్యలో ఆగి. ఆగింది ఇంజనైనా నేరం మాత్రం ఆ అన్నదే. మూడోది గనక పాడైతే ఆ రోజే మూట కట్టుకొని ఇందల్వాయికి పోవాలి. ఇతనికి పని వచ్చని సాబు రాసిస్తేనే ఎక్కడైనా నౌకరీ, లేకుంటే లేదు. మా ముందు వచ్చిన ఒక ముసలాయన దండచేతికి తాయెత్తు దాచుకున్నాడని సాబు ఫోటో తీయకుండానే గెంటేశాడు. బాపమ్మ అది చూసి నా చేతి మీదికి కొంగు కప్పింది.

నేర్చుకునే అన్న నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మొదట అడిగింది అదే.

"అవ్వా, కట్టు కింద ఏమన్న ఉన్నదా? కడెం గాని, తాయెత్తు గాని, పసరు మందు గిట్ల పూసిండ్రా?"

"ఏ మందు పూయలేదు బిడ్డా," అంది బాపమ్మ. ఆమె లెక్కలో అది అబద్ధం కాదు. దేవుడిది మందెట్లా అవుతుంది?

ఆయన నా వైపు తిరిగి "చెల్లె, నువ్వు చెప్పు" అన్నాడు. నాకు తెలుసు ఆయన ఏం అడుగుతున్నాడో. లేదని తల ఊపాను. ఒకసారి విప్పి చూస్తానని సాబును అడిగాడు పాపం. బట్టా వెదురూ ఫోటోకు అడ్డం రావని, డాక్టరు వద్దన్నది విప్పడానికి నువ్వెంత మొనగాడివని సాబు అరిచాడు.

ఇక చేతిని ఫిల్ము పెట్టె మీద సరిగ్గా బోర్లించాలి. ఆయన మెల్లగానే తిప్పాడు, ఇప్పుడు ఒప్పుకుంటాను. కాని అప్పుడు నాకు ప్రాణం పోయినంత పనయింది. తల వంచి ఆయన చేతి మీద, బొటనవేలి కింద కండ మీద, కసిదీరా కొరికాను. రక్తం వచ్చింది. ఆయన అబ్బా అన్నాడు గాని చేయి లాక్కోలేదు. లాగితే నా విరిగిన చేయి కదులుతుందని ఆగాడు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. చేతకానివాడు, కొట్టడం కూడా రాదు అనుకున్నాను.

ఊపిరి బిగపట్టమన్నారు, మిషను గుయ్యిమంది, అయిపోయింది. ఆయన ఫిల్ము తీసుకొని చీకటి గదిలోకి పోయాడు. చాలాసేపటికి తడి ఫిల్మును చట్రానికి బిగించి పట్టుకొచ్చాడు. సాబు దాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూసి ఒక్క కేక వేశాడు. ఎముక ఉండవలసిన చోట పొడుగునా తెల్లటి మచ్చ. మందు నీళ్లలో సరిగ్గా కడగలేదన్నాడు, మురికి వేళ్లు పెట్టాడన్నాడు, మగ్గం ముందు కూర్చోవలసినవాడికి మిషనెందుకన్నాడు. అని ఊరుకోలేదు, వరండాలో అందరి ముందూ చెంప మీద ఈడ్చి కొట్టాడు.

"మూడోది! అయిపోయింది నీ పని. సామాను సర్దుకో, నికల్!"

నేను నవ్వాను. దాచుకోవడం ఎందుకు? పకపకా నవ్వాను. నా చేయి నొప్పి పెట్టినవాడికి మంచి శాస్తి అయిందని నా సంబరం. బాపమ్మ కూడా నా నోరు మూయలేదు. చెంప తడుముకుంటూ ఆ అన్న నా వైపు ఒకసారి చూశాడు.

ఆయన సామాను సర్దుకోలేదు. ఫిల్ము తీసుకొని వరండా మెట్ల మీద ఎండకెదురుగా కూర్చున్నాడు. దాన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ చూశాడు. తరవాత నన్ను రమ్మని సైగ చేశాడు. కొడతాడేమో, కొడితే ఈసారి రెండో చేయి కొరకాలి అనుకుంటూ పోయాను. ఆయన ఫిల్మును నా ముందు పట్టుకొని ఇదే నీ ఎముక అని చూపించాడు. నేను నోరు తెరిచాను. నా లోపలి చేయి! మచ్చకు ఆ కొసనా ఈ కొసనా సన్నగా, బూడిద రంగులో కనబడుతోంది. ఆ తెల్లమచ్చ ఊరికే మచ్చ కాదు. నాలుగు చారలు, పక్కపక్కన, మోచేతి నుంచి మణికట్టు దాకా. పొయ్యి అలికినప్పుడు వేళ్ల జాడ పడుతుందే, అట్లా. ఆయన తన నాలుగు వేళ్లు దాని మీద పెట్టి చూశాడు, సరిపోలేదు, ఆయన వేళ్లు లావు. తల ఎత్తి బాపమ్మ చేతుల వైపు చూశాడు. ఆమె గోళ్ల సందుల్లో ఇంకా ఎర్రగానే ఉంది.

అయిపోయింది, ఇప్పుడు లేచి సాబును పిలుస్తాడు, ఈ ముసల్ది అబద్ధమాడిందని చెబుతాడు, తన నౌకరీ దక్కించుకుంటాడు. ఇందాకటి ముసలాయన లాగే మమ్మల్నీ గెంటేస్తారు అనుకున్నాను. ఆయన స్థానంలో నేనుంటే అదే చేసేదాన్ని, ఒక్క క్షణం ఆలోచించకుండా.

ఆయన పోయి బాపమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, హనుమాండ్ల సింధూరమేనా? అండ్ల సీసం ఉంటది, ఫోటోకు అడ్డం వస్తది. నేను కడుగ. నూనె దూదితోని తీసి మోదుగాకుల వెట్టి నీ చేతికే ఇస్త. కింద చుక్క వడది. ఫోటో అయినంక మళ్ల నువ్వే పూయి, నీ మొక్కు నీకుంటది."

బాపమ్మ కళ్లు తుడుచుకుంది. "నిన్ను కొట్టిచ్చిన గదరా కొడుకా," అంది.

ఆయన లోపలికి పోయి, ఇంకొక్కసారి చూడనివ్వమని సాబును అడిగాడు. ఫిల్ము వద్దు, వెలుగు తెర మీద చూస్తే చాలన్నాడు. చేతిని మిషనుకూ ఆ తెరకూ మధ్య పెడితే నీడ పడుతుంది, ఫిల్ము ఖర్చు లేదు. ఎందుకు చూడాలో చెప్పమన్నాడు సాబు. ఈయన చెప్పలేదు. చెబితే మమ్మల్ని గెంటుతాడని ఈయనకు తెలుసు. మళ్లీ అడిగాడు సాబు, ఈయన మళ్లీ తల వంచుకున్నాడు. సరే అయితే, నీ మూట ఏదిరా అంటూ సాబు మూలనున్న సంచిని తీసి వరండాలోకి విసిరాడు. అందులోని ఒక అంగీ, ఒక పలకా, సద్ది గిన్నే నా కాళ్ల దగ్గర పడ్డాయి. గిన్నె మూత దొర్లుకుంటూ పోయింది.

ఆ మూత చప్పుడు ఆగాక నాకు తెలియకుండానే నా నోరు లేచింది.

"అన్న అడిగిండు! నేనే లేదన్న. నా చేతికి సింధూరం ఉన్నది. మా బాపమ్మకు ఎరుకలేదు, నేనే వూసుకున్న!"

చివరి మాట అబద్ధమే. దానికి మాత్రం నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. సాబు చేయెత్తి నా మీదికి వచ్చాడు. నేర్చుకునే అన్న మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు, అంతే. చేయెత్తలేదు, పక్కకు జరగలేదు. ఈ గొడవకు అటుగా పోతున్న డాక్టరే తలుపు దగ్గర ఆగి ఏమిటని అడిగాడు. తెర మీద చూడండి, నష్టమేముంది అన్నాడు.

గది చీకటి చేశారు. తెర ఆకుపచ్చగా వెలిగింది. తెర మీద అంతా తిరగేసి, ఎముక నల్లగా కనబడుతుంది. నా చేతి మీద నాలుగు నల్లటి చారలు. తరవాత ఆయన దబ్బలు కదలకుండా కట్టు వదులు చేసి, వేలికి నూనె దూది చుట్టి, ఆ సింధూరమంతా కొంచెం కొంచెంగా ఆకులోకి తీశాడు. అన్నట్టే కింద చుక్క పడలేదు. మళ్లీ తెర మీద చూస్తే చారలు లేవు. ఎముక ఒక్కటే ఉంది, మధ్యలో రెండుగా విరిగి. డాక్టరు ఇంకో ఫిల్ము తీయమన్నాడు. తీసింది నేర్చుకునే అన్నే. ఈసారి చేయి తిప్పినప్పుడు నొప్పికి నా పెదవి నేనే కొరుక్కున్నాను.

సాబు తప్పయిందన్నాడా? అనలేదు. "ముందుగాలనే అడగాలె గదరా ఎద్దు" అన్నాడు. "అడిగిన సాబ్" అన్నాడు ఈయన, ఒకే ఒక్కసారి, మెల్లగా. ఆ మాట అందరికీ వినబడింది. మూట మాత్రం మళ్లీ లోపలికి పోయింది. ఆ చెంపదెబ్బ ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆ సాబును నేను ఈనాటికీ క్షమించలేదు, ఇంక క్షమించే తీరికా లేదు.

ఎముక సరిచేసి కట్టు కట్టాక, బండెక్కబోతూ నేను ఆ అన్న దగ్గరికి పోయి నిలబడ్డాను. తప్పయిందని చెప్పాలని పోయాను. నా నోరు తిట్లకు తిరిగినంత సులువుగా ఆ మాటకు తిరగలేదు. ఆయన నేను కొరికిన చేతిని చూపించాడు. నా పళ్లు వరసగా అచ్చుపడి ఉన్నాయి, మీద ఎర్రటి టింక్చరు.

"గిది ఫోటోల వడది, భయపడకు" అని నవ్వాడు.

నేను బండిలో ఏడ్చాను. చేయి నొప్పెడుతోందేమో అనుకున్నాడు బాపు. బాపమ్మ మోదుగాకు పొట్లం ఒళ్లో పదిలంగా పెట్టుకుంది.

ఆ అన్న నాలుగు నెలలు పూర్తి చేశాడో లేదో, ఎక్కడ పని దొరికిందో నాకు తెలియదు. మళ్లీ కలవలేదు. నా చేయి చక్కగా అతుక్కుంది, ఆ చేత్తోనే బీడీలు చుట్టి పిల్లల్ని పెంచాను. మొన్న ఛాతీ ఫోటోకు పోతే అక్కడి పిల్ల "అమ్మా, ఒంటి మీద ఏమైనా ఉందా" అని అడిగింది. పుస్తెలతాడు, పిన్నీసు, నడుముకు పూసిన నొప్పుల మందు, కొంగున కట్టుకున్న వక్క, అన్నీ చెప్పాను. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. నవ్వనీ. నేనైతే ఆ రోజు తరవాత, నలుగురిలో తిట్లు తింటున్న మనిషిని చూసి నవ్వలేదు. ఎవరినైనా అట్లా నిలబెట్టి తిడుతుంటే నా కుడిచేయి దానంతటదే పోయి నా ఎడమ చేతిని తడుముతుంది, కట్టు కింద నేనేమైనా దాచానేమోనని.