కొంగులో చిరుగు వెతుక్కుంటూ: నేరేడ్‌మెట్ నుంచి కార్ఖానా దాకా

మా మనవరాలు నీరజ ఈమధ్య బట్టలు కొనడం మానేసింది. డబ్బుల్లేక కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పంతులమ్మగా రిటైరైన నా పింఛను ఆ పిల్ల జీతం పక్కన నిలబడడానికే సిగ్గుపడుతుంది. ఆఫీసులో ఎవరో చెప్పారట, రంగుల అద్దకం నీళ్ళు చెరువుల్ని చంపుతున్నాయనీ, చవక బట్టలు కుట్టేవాళ్ళకి పూట గడవదనీ. అప్పట్నించి నేలకీ మనిషికీ హాని చేయని బట్ట తప్ప కట్టనని ఒట్టు పెట్టుకుంది. మంచిదే. చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఈ పద్ధతే ఉండేది. అప్పుడు దాన్ని లేమి అనేవాళ్ళం.

అలాంటి బట్టలమ్మే కొట్టొకటి బేగంపేటలో ఉందని, శనివారం వెళ్దామని అనుకున్నాం. ఇంతలో శుక్రవారం సాయంత్రం నీరజ ఒక పాత కళ్ళజోడు పెట్టె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అది వాళ్ళమ్మది, అంటే మా పద్మజది. పద్మజ పోయి ఎనిమిదేళ్ళయింది. కాలేజీలో పాఠం చెబుతూ కూలబడింది, మళ్ళీ లేవలేదు. అప్పటికి నీరజ పదో తరగతి. ఆ పెట్టె అడుగున మడిచిన చిట్టీ ఉంది. ఉర్దూలో రెండు వరుసలు, కింద రబ్బరు ముద్ర. ముద్రలో మాత్రం తెలుగులో ‘రఫూ, జనరల్ బజార్’ అని ఉంది. చిరిగినచోట నేతలాగే దారం అల్లి, చిరుగు కనబడకుండా చేసే పనిని రఫూ అంటారు.

“అమ్మ చీర ఇంకా అక్కడే ఉండొచ్చు కదా అమ్మమ్మా?” అంది.

ఎనిమిదేళ్ళు ఏ కొట్లో ఉంటుందే అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకంటే పద్మజ చీరల్లో ఒక్కటి కూడా ఆ పిల్లకి లేకుండా చేసింది నేనే. మాది శ్రీకాకుళం వైపు. ఆడది భర్త ఉండగా పోతే ఆమె చీరలు ముత్తయిదువలకి పంచడం మా ఇళ్ళలో ఆచారం. బీరువా తెరిచి ఉన్నవన్నీ పంచేశాను. పదిహేనేళ్ళ పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. నీకేదన్నా కావాలా అని అడగాలని నాకు తోచలేదు. తరవాత ఒకసారి కూరల మార్కెట్లో ఆకుపచ్చ వెంకటగిరి చీర వెనకనుంచి కనబడి, “పద్మా” అని పిలిచేశాను. ఆవిడెవరో వెనక్కి తిరిగింది. ఆమెకి ఆ చీర ఇచ్చింది నేనే.

చిట్టీలో ఉన్నది ఏ చీరో కూడా నాకు తెలుసు. పొందూరు ఖద్దరు, తెల్లది, సన్నటి ఎర్రంచు. పత్తిని చేప దవడ పళ్ళతో దువ్వి, చేత్తో వడికిన దారం. పద్మజకి అదంటే ప్రాణం. పోవడానికి పది రోజుల ముందు అది కట్టుకునే మా ఇంటికి వచ్చింది. కాలేజీకి వేళయిందని లేస్తుంటే, తిని వెళ్ళవే అని కొంగు పట్టి లాగాను. చీర పాతది, నా చెయ్యి మొరటుది. కొంగు జానెడు చీలింది. తప్పు చేసినవాళ్ళకి నోరెక్కువ కదా. “లెక్చరర్ జీతం తీసుకుంటూ ఈ గుడ్డపేలికలేమిటే? చిరుగు చీరతో నా గుమ్మం తొక్కకు” అన్నాను. పద్మజ నవ్వింది. “బాగుచేయించుకునే వస్తాలే” అని చెప్పి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

శనివారం తొమ్మిదింటికి నేరేడ్‌మెట్‌లో బస్సెక్కాం. మిలిటరీవాళ్ళ చెట్ల నీడ దాటేదాకా ప్రయాణం హాయి, ఆ తరవాత మోచేతులతో మాట్లాడుకోవాలి. ముప్పావుగంటలో సికింద్రాబాద్ స్టేషన్ చేరాం. అక్కణ్ణించి బేగంపేటకి ఎమ్మెమ్టీఎస్ రైలు. టికెట్టు కప్పు టీ ఖరీదంత. పదిహేను నిమిషాల్లో దింపేసింది. ఆటోలో వెళ్తే అదే దూరానికి దానికి పదింతలవుతుంది, పైగా ఫ్లైఓవరు కింద నిలబడి పొగ తాగాలి. నేలకి హాని చేయని బట్టలకోసం పొగలో వెళ్ళడం బావుండదని నీరజే రైలన్నది.

కొట్టు పదిన్నరకి తెరుస్తారు. చల్లగా, నిశ్శబ్దంగా, వినాయకుడు లేని గుడిలా ఉంది. బట్టలు నిజంగా మంచివే. నీలిమందు, దానిమ్మ తొక్క, మంజిష్ఠ రంగులు; ముట్టుకుంటే నూలని తెలుస్తోంది. కుర్తా పదిహేను వందలనించి మొదలు. ఒక గోడకి పాత చీరల ముక్కలు అతికి కుట్టిన జాకెట్లు వేలాడుతున్నాయి. అతుకులు దాచకుండా ఎర్రదారంతో పెద్దపెద్ద కుట్లు వేశారు.

“ఇది మా కొత్త కలెక్షన్ ఆంటీ. పాత చీర పారేయకుండా ఇలా మళ్ళీ వాడతాం” అంది అక్కడి అమ్మాయి.

“ఎంతమ్మా?”

“రెండు వేల ఎనిమిది వందలు.”

“అతుకులు కనబడకుండా కుడితే తగ్గిస్తారా?”

ఆ పిల్ల మర్యాదకి నవ్వింది. నీరజ నవ్వలేదు. ఒక జాకెట్టులోని తెల్ల ఖద్దరు ముక్క దగ్గర ఆగి, వేళ్ళతో తడుముతూ నిలబడిపోయింది. తరవాత దాన్ని జాగ్రత్తగా తగిలించి, “పద అమ్మమ్మా, ఇక్కడ ఏమీ వద్దు” అంది. ఏం కొనకుండానే బయటికొచ్చాం.

జనరల్ బజారుకి ఆటో మాట్లాడాం. అరవై అడిగాడు, యాభైకి వచ్చాడు. డ్రైవరు నడివయసు మనిషి. నీరజ చేతిలో చిట్టీ అద్దంలో చూసి, “ఏందమ్మా, ఉర్దూల ఉన్నది?” అన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తీసుకుని చదివాడు.

“సఫేద్ ఖాదీ సాడీ, లాల్ కినారా. అంటే తెల్ల చీర, ఎర్రంచు. పైసలు వసూలైనయని రాసిండు. తారీఖు…” అని ఆగి అద్దంలో నా వైపు చూశాడు. “అమ్మా, గిది మస్తు పాత చిట్టీ గద!”

“మేమూ పాతవాళ్ళమే నాయనా, పోనీ” అన్నాను.

ఆ తరవాత ఆయన హారన్ తక్కువ కొట్టినట్టు నాకనిపించింది. నా భ్రమే కావచ్చు.

జనరల్ బజారుకి వెళ్ళేవాళ్ళు ఆదివారం తప్పించుకోండి, చాలా కొట్లు మూసి ఉంటాయి. పదకొండు దాటాక వెళ్తే అన్నీ తెరిచి ఉంటాయి, తోపులాట ఇంకా మొదలుకాదు. ఆటోలు లోపలికి రావు, రాష్ట్రపతి రోడ్డు మీద దిగి నడవాలి. మేం చిట్టీ చూపిస్తూ నాలుగు సందులు తిరిగాం. నాలుగో సందులో ఒక మెట్ల కింద ఆ కొట్టు ఉండాలన్నారు. మెట్లున్నాయి. కింద సెల్‌ఫోన్ రీచార్జి కార్డులమ్ముతున్నారు.

నీరజ ముఖం చూడలేక పక్కనున్న లేసుల కొట్టాయన్ని అడిగాను.

“యాకూబ్ సాబా? దుకాణం తీసేసి నాలుగేండ్లాయె అమ్మా. కండ్లు ఆగమైనయి ఆయనకు. ఇప్పుడెవరు చేయించుకుంటరు రఫూ? చినిగిందంటే పారేస్తరు, కొత్తది తెచ్చుకుంటరు.”

“ఆయన దగ్గరున్న బట్టలేమయ్యాయి?”

“ఇంటికి తీస్కపోయిండు. కార్ఖానాల ఉంటరు. జెర ఆగుండ్రి, మసీదు పక్క గల్లీ చెప్త.”

కార్ఖానా అంటే ఫ్యాక్టరీ కాదు, సికింద్రాబాద్‌లో ఒక పేట; అక్కడికి మరో నలభై రూపాయల ఆటో.  దారంతా నేను ముందుజాగ్రత్తగా ఉపన్యాసం ఇచ్చాను, దొరక్కపోయినా బాధపడకూడదని, వస్తువుల్లో ఏముందని. చివరికి ఆ పిల్ల, “నువ్వు పంచిపెట్టిన రోజు కూడా ఇదే చెప్పావు అమ్మమ్మా” అంది. మెల్లగానే అంది. నా ఉపన్యాసం అక్కడితో అయిపోయింది.

మసీదు పక్క సందులో రెండుగదుల ఇల్లు. తలుపు తీసినావిడ నాకంటే నాలుగేళ్ళు చిన్నదై ఉంటుంది. పేరు హలీమా బీ. యాకూబ్ సాబ్ పోయి రెండేళ్ళయిందట. చిట్టీ చేతికిస్తే చదవలేదు, ఆ రెండు వరుసల మీద వేలితో నిమిరింది.

“ఆయన రాతనే” అంది. “కూసోండ్రి.”

మంచం కింద నుంచి రేకు పెట్టె లాగింది. నీరజ సాయం పట్టింది. లోపల ఎవరివో కోట్లు, షేర్వానీలు, పట్టుచీరలు. దేనికది పాత ధోతీ గుడ్డలో చుట్టి, పిన్నుతో చిట్టీ గుచ్చి ఉంది. మధ్యమధ్య వేపాకు.

“ఇన్నేళ్ళు ఎందుకు దాచారమ్మా?” అన్నాను.

“అమానత్ గద. నమ్మి ఇచ్చి పోయిండ్రు. అమ్మితే పైన ఆయనకు నేనేం జవాబు చెప్పాలె?”

అడుగునుంచి రెండో మూట మాది. గుడ్డ విప్పగానే తెల్ల ఖద్దరు మీద ఎర్రంచు కనబడింది. మడతల దగ్గర కాస్త పసుపుబారింది. నీరజ అందుకోలేదు. రెండుచేతులూ ఒడిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఆఖరికి హలీమా బీయే దాని ఒళ్ళో పెట్టింది.

“ఈ చీర యాదికున్నది నాకు. ఆమె మస్తు నవ్వుకుంట వచ్చింది. ‘సాబ్, మా అమ్మ చింపింది. మళ్ళ మా అమ్మనే అద్దాలు పెట్టుకొని దేవులాడ్తది. ఆమెకు దొరకొద్దు, గట్ల చెయ్యుండ్రి’ అన్నది. ఈయనకు పంతం వచ్చింది. నాలుగు దినాలు కూసున్నడు దీని మీద.”

నేను చీర కొంగు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ నిలువునా పడుతోంది. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల పరీక్ష పేపర్లలో తప్పులు పట్టిన కళ్ళివి. ఎక్కడ చిరిగిందో నా చేతికి తెలుసు. కొంగు చివరనుంచి మూరెడు పైన, అంచుకి దగ్గర. ఎండకి ఎత్తి చూశాను, వెనక్కి తిప్పి చూశాను, కళ్ళు మూసుకుని వేలితో తడిమాను. అంతా ఒక్కటే నేత. ఎనిమిదేళ్ళుగా నేను రోజూ చూసుకుంటున్న చిరుగు ఆ చీరలో లేదు.

“మీకన్నా తెలుసా, ఎక్కడ చేశారో?” అని హలీమా బీని అడిగాను. 

“నాకెట్ల ఎరుక అమ్మా? సూది పని ఆయనది, దారం తీసే పని నాది. ఈ దారం బజార్ల దొరకదు. ఈ చీర దారం ఈ చీరకెళ్ళే తీయాలె. ఇగో చూడు.”

చీర రెండో కొస, లోపల బొడ్లో దోపుకునే కొస, నా చేతిలో పెట్టింది. అక్కడ నాలుగు వేళ్ళ మేర నేత పలచబడి జల్లెడలా ఉంది. ఒక్కొక్క పోగూ లాగి తీసినచోటు. దానిలోంచి నా అరచేతి గీతలు కనబడ్డాయి.

“కట్టుకుంటే ఎవ్వలకు కనపడదు. ఏడవకు అక్కా” అంది ఆవిడ. అప్పటిదాకా అమ్మా అన్నది అక్కా అనేసరికి, దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

టీ తాగించి గాని పంపలేదు. డబ్బులివ్వబోతే చిట్టీ చూపించింది, పైసలు వసూలైనయని. మేం లేచేసరికి పెట్టెలో మిగిలిన మూటల్ని మళ్ళీ లెక్కగా సర్దుతోంది. “మీరు ఎనిమిదేండ్లకన్నా వచ్చిండ్రు” అంది తల ఎత్తకుండా.

కార్ఖానా నుంచి సికింద్రాబాద్, అక్కణ్ణించి బస్సు, ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. గేటు దగ్గర నీరజ ఆగిపోయింది. “ఒక్క నిమిషం” అని పక్కింటివాళ్ళ గదిలోకి వెళ్ళి, ఆ చీర కట్టుకుని వచ్చింది. జాకెట్టు కలవలేదు, కుచ్చిళ్ళు ఎగుడుదిగుడు. ఆ గుమ్మం మాట దానికి నేనెప్పుడూ చెప్పలేదు. వాళ్ళమ్మే చెప్పుంటుంది, నవ్వుతూ. ఆ చీరతో మా గుమ్మం తొక్కి లోపలికొచ్చి, “అమ్మమ్మా, ఆకలేస్తోంది” అంది.

హాని చేయని బట్ట ఎక్కడ దొరుకుతుందని అడిగి ఈ పేజీకి వచ్చినవాళ్ళకి నేను చెప్పగలిగింది తక్కువ. బేగంపేట కొట్టు మంచిదే, ఓపికున్నవాళ్ళు వెళ్ళండి. యాకూబ్ సాబ్ ఇంటి గుర్తులు మాత్రం రాయను. అక్కడ ఇప్పుడు రఫూ చేసేవాళ్ళు లేరు. నేను వెళ్ళింది చీరకోసమని అందరితో చెప్పాను గాని, నిజానికి ఆ చిరుగుని ఒకసారి చూసి, క్షమించమని అడుగుదామనుకున్నాను. నా కూతురు ముందే ఊహించి అది నాకు దొరక్కుండా చేయించింది. చిరుగు పోయింది, అన్న మాట పోలేదు. దాన్ని ఏ ఎండలో పట్టి చూసినా మొదటి చూపులోనే కనబడుతుంది.

ఇక ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక సలహా. చేనేత చీర పొడవెక్కువైందని, లోపలి కొస ఎలాగూ కనబడదని కత్తిరించేయకండి. ఎప్పుడన్నా చిరిగితే బాగుచేసే దారం అక్కడే ఉంటుంది. చీరకి ఆ వీలుంది.