చవక బీఎడ్ కోసం అరకు రైలెక్కాం

అరకు వెళ్తున్నామంటే మా వీధిలో అందరూ బొంగులో చికెన్ గురించే చెప్పారు. మేం వెళ్తున్నది కాలేజీ చూడ్డానికంటే ఒక్కరూ నమ్మలేదు.

మా అమ్మాయి హేమ డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు మా మండలంలో దివ్యాంగ పిల్లల బడిలో సాయంగా పనిచేసింది. అప్పటినుంచీ స్పెషల్ బీఎడ్ చేస్తానని, అదీ వినికిడి లేని పిల్లలకు చదువు చెప్పే విభాగంలోనే చేరతానని పట్టుబట్టింది. వాళ్ల నాన్న బియ్యం మిల్లులో గుమస్తా. అందుకే నెలంతా కాలేజీలు ఆరా తీశాం. విశాఖలో ఉన్నదానిలో రోజూ క్లాసులు, ఆవరణలోనే పిల్లల బడి. కానీ ఫీజుకి తోడు హాస్టల్ ఖర్చు. దూరవిద్యలో తక్కువకే అయిపోతుంది గానీ ఈ ఏడాది ప్రవేశాలు ముగిశాయి. మూడోది అరకు దగ్గర కొత్తగా పెట్టిన కాలేజీ. అన్నిటికంటే చవక. పైగా ఆ కాలేజీ ఏజెంటు, అమ్మాయి రానక్కర్లేదు, పరీక్షలకి కనిపిస్తే చాలన్నాడు. ఆ మాట మా ఆయనకి తెగ నచ్చేసింది. చేరితే అక్కడ, లేదా ఇంటి దగ్గరే మామూలు బీఎడ్ అని తేల్చేశారు. చూడకుండా చేరనంది హేమ. ఏజెంటుకి చెప్పకుండా బయల్దేరాం.

శృంగవరపుకోటలో కిరండోల్ ప్యాసింజర్ ఎక్కేసరికి ఎనిమిది దాటింది. వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయలన్నీ అటే ఉంటాయి. సొరంగం వచ్చినప్పుడల్లా కుర్రకారు కేకలతో పెట్టె మోగిపోయింది. ఇంట్లో చేసుకెళ్లిన పులిహోర విప్పి, ఎదుటి సీట్లోని పెద్దాయనకీ కాస్త పెట్టాను. ఆయనకి అనంతగిరి దగ్గర కాఫీ తోట ఉందట. మేం వెళ్లే కాలేజీలో చెవిటి పిల్లల బడి కూడా ఉందట అని చెబితే ఆశ్చర్యపోయాడు.

"చెవుడున్న పిల్లలకి బడా? మా కొండమీద అలాటిదుంటే నాను ఇనకపోదునా?" అన్నాడు.

పాపం, ఈయనకి తెలియదు కాబోలు అనుకున్నాను. ఆయన శిమిలిగుడలో దిగిపోయాడు.

పదకొండింటికి అరకులో దిగి షేర్ ఆటో మాట్లాడాం. కాలేజీ పేరు చెప్పగానే డ్రైవరు, పొద్దుట్నుంచీ అక్కడికే పిల్లల్ని తోలుతున్నానన్నాడు. చూశావా, పిల్లల్ని తెచ్చి మరీ పాఠాలు చెబుతున్నారు అని నేను మురిసిపోయాను. హేమ అయితే ఆటోలో కుదురుగా కూర్చోలేకపోయింది.

కాలేజీ రెండంతస్తుల మేడ. కొత్త రంగు, బంతిపూల దండలు, తనిఖీ అధికారులకు స్వాగతమని ఫ్లెక్సీ. కొత్త అడ్మిషనంటే గేటు దగ్గర అటెండరు నవ్వుతూ లోపలికి పంపాడు. కింది గదిలో ఇరవైమంది దాకా పిల్లలు, అందరి చెవులకూ మిషన్లు. ఒకమ్మాయి బొమ్మలు చూపిస్తూ పాఠం చెబుతోంది. నాకు కళ్లు చెమర్చాయి. హేమ గుమ్మంలోంచే ముందు వరస పాపని చేతి సైగలతో పేరడిగింది. పాప అర్థంకాక పక్కపిల్ల వంక చూసింది.

అప్పుడే వంటింటి వైపు ఎవరి చేతిలోంచో స్టీలు బేసిన్ జారిపడింది. ఇరవై తలలూ ఒక్కసారి అటు తిరిగాయి.

హేమ మొహం పాలిపోయింది. లోపలికి వెళ్లి ఆ పాప చెవి మిషను విప్పి చూసింది. అందులో బ్యాటరీ లేదు. చెవిలో దూర్చే అచ్చు ఎవరి చెవికి వాళ్ల కొలత తీసి చెయ్యాలి, ఇది పెద్దవాళ్లది, పాప చెవికి వదులు. వినబడుతుందా అని హేమ మెల్లగా అడిగితే పాప తలూపింది.

"ఇనిపిస్తాదక్కా. రేపు సారోళ్లొచ్చినప్పుడు ఏ సప్పుడైనా తిరగొద్దన్నారు. తిరక్కపోతే గుడ్డు కూర ఎడతారంట."

చెవిటి పిల్లల బడి ఉన్నట్టు చూపితేనే కాలేజీకి గుర్తింపు, రేపటి తనిఖీకి ఇది రిహార్సలన్నమాట.  మంచి చెవులున్న పిల్లలకి చెవుడు నేర్పించడం నా జన్మలో చూడలేదు. ప్రిన్సిపాలుని అడిగితే, మిషన్లంటే పిల్లలకి భయం పోవాలని పెట్టామన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది. నేను గట్టిగా నిలదీసేసరికి గొంతు తగ్గించాడు.

"మీ అమ్మాయి ఎలాగూ రాదు కదమ్మా. ఇక్కడ ఏం జరిగితే మీకేం?"

 హేమ చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను.

గేటు బయట ఒకావిడ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉంది. ఎనిమిదేళ్లుంటాయి పిల్లకి. తలకి నూనె రాసి, శుభ్రమైన గౌను తొడిగి తెచ్చింది. ఆవిడ పేరు సుకిరి. చెవిటి పిల్లల్ని కాలేజీకి తీసుకెళ్తున్నారని విని, పక్క గూడెం నుంచి నడిచొచ్చిందట. అటెండరు గేటు దాటనివ్వలేదట. ఎందుకన్నాను.

"మా గుంటకి నిజంగానే ఇనిపించదమ్మా. సెప్పినట్టు సెయ్యదు, ఒద్దన్నారు."

అంతవరకూ పడిన ఆశ్చర్యమంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. హేమ అక్కడే నేలమీద గొంతుక్కూర్చుంది. సీసా చూపించి నీళ్లకి సైగ చేసింది, అరటిపండు చూపించి తినడానికి చేసింది. నాలుగోసారికి పిల్ల తనే సీసా కోసం సైగ చేసింది. సుకిరి నోట్లో కొంగు కుక్కుకుంది.

"నాను పిలవాలంటే రాయి ఇసిరీదాన్నమ్మా. కాలికి తగిల్తే తిరిగీది," అంది.

ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాం. హేమ పనిచేసిన బడి టీచరుకి అప్పుడే ఫోన్ చేసి, ఆ పిల్లకి పరీక్ష చేయించి మిషను ఇప్పించే దారి అడిగాం. కాలేజీ మీద తనిఖీ అధికారులకి ఫిర్యాదు రైల్వే స్టేషన్ బెంచీ మీదే కూర్చుని రాశాను. ఈ చదువు కోసం వెతికేవాళ్లు గుర్తింపు ఉందో లేదో ఎలాగూ చూస్తారు. చెప్పకుండా వెళ్లి తరగతి గది కూడా చూడండి.

నాలుగు దాటాక తిరుగు రైలెక్కాం.  బొర్రా దాటాక హేమ, ఇంటి దగ్గరే మామూలు బీఎడ్‌లో చేరిపోతాలే అమ్మా అంది, కిటికీలోంచి మొహం తిప్పకుండా. నేను మా ఆయనకి ఫోన్ చేశాను. రేపు విశాఖ వెళ్లి సీటుకి డబ్బు కట్టేస్తున్నాం, హాస్టల్ కూడా అక్కడే అని చెప్పాను.

"కొండమీది కాలేజీకి ఏమొచ్చింది? చవకే కదా," అన్నారాయన.

"అక్కడ చెవిటి పిల్లల క్లాసులోకి చెవిటి పిల్లని రానివ్వరండీ," అన్నాను.