పియర్ పండులో ఇసక

అమలాపురంలో ఈ ఇంట్లో అద్దెకి దిగేక పాలబ్బాయి తప్ప మా గేటు ఎవరూ తీయలేదు. నిన్న పియర్ పళ్ళు కొని, పక్కింటి పిన్నిగారికి గిన్నెలో పెట్టి ఇచ్చేను. ఇవాళ సాయంత్రం గిన్నె తిరిగివ్వడానికి ఆవిడ వచ్చేరు. ఖాళీగా ఇవ్వకూడదని అందులో కాస్త కొబ్బరి లౌజు పెట్టేరు.

"ఏవనుకోకండి మేడంగారూ, పళ్ళు సరిగ్గా కడగలేదండీ. ఒకటే ఇసక! గిన్నె గోడ మీంచే అందిద్దామనుకున్నానండి, ఈ మాట చెబుదామనే ఇలా వచ్చేను."

బోటనీ లెక్చరర్ని, ఊరుకుంటానా? "ఇసక కాదండీ. పండు లోపలి కణాలే కర్రలో ఉండే లిగ్నిన్ పట్టి రాళ్ళలా గట్టిపడతాయి. ఎంత పట్టాలో జన్యువులు చెబుతాయి."

"ఆయ్. అయినా ఈసారి బాగా కడగండి."

నవ్వొచ్చింది. ఆ జన్యువుల్ని అణిచి మెత్తటి పియర్ పండించాలని శాస్త్రజ్ఞులు చూస్తున్నారు. మీకెవరైనా తెలిస్తే కాస్త ఆగమనండి. మా గేటు తీయించింది ఆ ఇసకే.