నాలుగో ఫలితం

మా ఆవిడ నన్ను గోడ మీద పిల్లి అంటుంది. ఆమెది వరంగల్, నాది గుంటూరు పక్క పల్లెటూరు. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆమె నాకు పెట్టిన పేర్లలో ఇదొక్కటే నిలిచింది. నిజం కనక నిలిచింది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రోగ్రామ్ రాసినవాడు అది నడిచే దారి ఒకటి ఆలోచిస్తే, అది చెడిపోయే పది దారులు ఆలోచించినందుకు నాకు జీతమిస్తారు. ఆ బుద్ధి ఆఫీసు గుమ్మం దగ్గర ఆగలేదు. గ్రీన్ కార్డ్‌కి రెండు కేటగిరీల్లో ఫైల్ చేశాను. అది రాకపోతే ఎలా అని కెనడాకి అప్లై చేశాను. అదీ కాకపోతే ఎలా అని హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాను. అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో ఎండ ఫెళ్ళున కాసే రోజున కూడా నా కారు డిక్కీలో గొడుగూ ఉంటుంది, చలికోటూ ఉంటుంది. ఇన్ని జాగ్రత్తలు పడ్డవాడు నిశ్చింతగా ఉండాలి కదా. నాకు మాత్రం ఒక కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోవడం చేతకాదు. కాళ్ళు వాటంతటవే ఊగుతుంటాయి.

ఇలాంటివాడికి ఫ్రీ బెట్లు దొరికితే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే.

మా రాష్ట్రంలో ఫోన్ మీద పందాలు కాయడానికి చట్టం ఒప్పుకున్నాక ఎక్కడ చూసినా ఆ ప్రకటనలే. పెట్రోల్ కొట్టించుకుంటుంటే పంపు మీది చిన్న తెరలో కూడా అదే గోల. చేరండి, మొదటి పందెం ఫ్రీగా, మా డబ్బుతో కాయండి అని. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర నాకంటే పదేళ్ళు చిన్నవాడైన ఒక మిత్రుడు ఆ కిటుకు చెప్పాడు.

"అన్నా, ఇది గ్యాంబ్లింగ్ కాదన్నా. ఉట్టి లెక్క. సాకర్‌ల మూడే రిజల్ట్స్. వీడన్న గెలుస్తడు, వాడన్న గెలుస్తడు, లేకుంటే డ్రా. మూడు యాప్‌లల్ల మూడు ఫ్రీ బెట్లు ఉన్నయనుకో, మూడింటి మీద పెట్టెయ్. ఏదొచ్చినా నీకే."

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. మనం చిన్నప్పుడు కాలితో తన్నిన ఫుట్‌బాల్‌ని సాకర్ అంటారు. దాని గురించి నాకు తెలిసింది తక్కువే. కానీ మిత్రుడి మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. నేను బతుకంతా చేస్తున్నది అదే కదా, ఇన్నాళ్ళకి దానికి డబ్బులిచ్చేవాడు దొరికాడు. మూడు పందాల్లో రెండు తప్పకుండా పోతాయి, ఒకటి తప్పకుండా వస్తుంది. పోయేది కంపెనీల డబ్బు, వచ్చేది నాది. అత్త సొమ్ము అల్లుడు దానం. మొదటిసారి వచ్చిన దానితో ఇంటికి ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ తెచ్చాను. మా ఆవిడ బిర్యానీ వడ్డించుకుంటూనే, "ఫ్రీగ వస్తే ఫినాయిల్ గూడ తాగేటట్టున్నవ్" అంది. నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

నవ్వులాటగా ఉండగా ఆగి ఉంటే ఈ కథ లేదు. ఒకసారి కాసినవాణ్ణి కంపెనీలు ఊరికే వదలవు. వారం వారం చిన్న చిన్న ఫ్రీ బెట్లు పంపుతూనే ఉంటాయి, ఒక్కోదానికీ ఒక్కో గడువు. పాలు పొంగుతాయేమో అని స్టవ్ దగ్గర నిలబడ్డట్టు నేను వాటి గడువుల దగ్గర నిలబడేవాణ్ణి. ఇంకో విచిత్రం. ఏదొచ్చినా నాదే అయినప్పుడు ఆట చూడాల్సిన పనేముంది? అయినా చూడకుండా ఉండలేకపోయాను. మూడింట్లో ఎక్కువ ఇచ్చేది వస్తుందా, తక్కువ ఇచ్చేది వస్తుందా అని ఒకటే తపన.

ఇంగ్లండ్ మ్యాచ్‌లు ఎక్కువగా మాకు శనివారం పొద్దున పదింటికి. మా అమ్మాయి మ్యాచ్‌లు కూడా శనివారం పొద్దున పదింటికే.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఊళ్ళోని పిల్లల టీమ్‌లో గోల్‌కీపర్. ఆ టీమ్‌లో గోల్‌కీపర్లు ఇద్దరు. మొదటి సగం ఇంకో అమ్మాయి, రెండో సగం మా అమ్మాయి, ఒకే రకం పసుపు జెర్సీ. మా ఆవిడ ఫార్మసీలో పని చేస్తుంది, శనివారాలు షిఫ్ట్. కాబట్టి గ్రౌండ్‌కి తీసుకెళ్ళేది నేనే. తను ఆడుతుంటే నేను గడ్డి అంచున అటూ ఇటూ తిరుగుతూ, ఒక కన్ను తన మీద, ఒక కన్ను ఫోన్ మీద వేసి ఉండేవాణ్ణి. మ్యాచ్ అయ్యాక దగ్గరికి వస్తే "బాగా ఆడావు కన్నా" అనేవాణ్ణి. గెలిస్తే బాగా ఆడావు. ఓడినా బాగా ఆడావు. సమమైతే సరేసరి. ఒక్క మాటతో మూడూ కవర్.

ఒక ఆదివారం సోఫాలో నా పక్కన చేరి తను కూడా ఫోన్‌లో మ్యాచ్ చూసింది. కొంచెంసేపయ్యాక అడిగింది. "నాన్నా, మనకి రెడ్ గెలవాలా, బ్లూ గెలవాలా?"

"ఎవరు గెలిచినా మనకి ఓకే."

"దెన్ ఎందుకు చూస్తున్నావు?"

నేను మళ్ళీ ఫోన్ వైపు చూశాను. తను లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అక్టోబర్ చివర్లో ఒక మ్యాచ్ నుంచి తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి నెమ్మదిగా మొదలుపెట్టింది. "నాన్నా, నెక్స్ట్ వీక్ కూడా నువ్వు ఫోన్ చూస్తే ఇంక రావద్దు. అమ్మకి షిఫ్ట్ చేంజ్ చేసుకోమని చెప్తా. ఐయామ్ సీరియస్."

ఆ పిల్లకి కోపం వస్తే అరవదు, ఇలా నెమ్మదిగా చెప్తుంది. అది వాళ్ళమ్మ పోలిక. నేను రావడం తనకి వద్దనిపించే రోజొకటి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. "చూడను తల్లీ, ప్రామిస్" అన్నాను.

"ఏం ప్రామిస్ చేస్తున్నావో చెప్పు." నా సంగతి తెలుసు తనకి.

"ఫోన్ కార్‌లోనే పెట్టేస్తా. గ్రౌండ్‌లోకి తేను."

"ఓకే."

తరువాతి శనివారం మాట ప్రకారం ఫోన్‌ని కార్‌లో పెట్టి దిగాను. ఆ రోజుతో గడువు తీరిపోయే ఫ్రీ బెట్లు మూడు ఉంటే, పొద్దున్నే ఇంగ్లండ్‌లో ఏదో చిన్న ఊరి టీమ్ మ్యాచ్ మీద మూడూ మూడు వైపులా పెట్టేశాను. ఏదొచ్చినా నాదే, ఇంక చూడక్కర్లేదు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మొదటి సగమంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులో పెట్టాను, తీశాను, కట్టుకున్నాను. విరామంలో మా అమ్మాయి పసుపు జెర్సీ వేసుకుని వార్మప్‌కి దిగింది. నా వైపు చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఐదే నిమిషాలు, స్కోరు చూసి వచ్చేస్తాననుకుని పార్కింగ్ వైపు నడిచాను. నేను చేసిన ప్రామిస్‌లో చిల్లు ఉంది. అలాంటి చిల్లులు వెతకడమే కదా నా ఉద్యోగం. ఫోన్ కార్‌లోనే ఉంది, నేనే దాని దగ్గరికి వెళ్ళాను.

ఇంగ్లండ్‌లో వాన కుండపోతగా కురుస్తోంది. గ్రౌండ్ మడుగైపోయింది, బంతి దొర్లడం మానేసి నీళ్ళలో నిలబడిపోతోంది. సొంతవూరి టీమ్ ఒక గోల్ ముందుంది. ఆ ఫలితం వస్తే నాకొచ్చేది కొంచెమే, డ్రా అయితే బాగా ఎక్కువ. ఆట ఆపేసేలా ఉన్నారని కామెంటరీలో అనగానే నా ఒళ్ళు జల్లుమంది. నేను ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని టెస్ట్ క్రికెట్ కామెంటరీ విని పెరిగినవాణ్ణి. మాకు వాన పడి ఆట ఆగిపోతే డ్రా. స్కోరెంతైనా సరే, పూర్తికాని ఆట డ్రా. నా పక్కింటి అమెరికన్‌కి ఈ ఆలోచన చచ్చినా రాదు. నాకు మాత్రం వేరే ఆలోచనే రాలేదు. పడాలి, ఇంకా పడాలి అని కారులో కూర్చుని వానదేవుణ్ణి వేడుకున్నాను.

మధ్యలో మా అమ్మాయి కోచ్ నుంచి ఫోన్ వచ్చింది. తెర మీద మ్యాచ్‌కి అడ్డమొచ్చిందని కట్ చేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్ చేశాను. ఏ స్నాక్స్ గురించో అనుకున్నాను. అప్పుడే అద్దంలోంచి దూరంగా పసుపు జెర్సీ గాల్లోకి ఎగిరి బంతిని బయటికి కొట్టడం కనిపించింది. స్టీరింగ్ మీద చప్పట్లు కొట్టాను. చూశావా, రెండూ చూస్తున్నాను, ఏదీ వదల్లేదు అనుకున్నాను.

రిఫరీ చేతులు ఊపి ఆటగాళ్ళని లోపలికి పంపేశాడు. నేను సీట్లో ఎగిరాను. రెండు నిమిషాలకి యాప్‌లో మూడు పందాల పక్కనా ఒకటే మాట వచ్చింది, రద్దు. ఆట పూర్తికాకపోతే అది గెలుపూ కాదు, ఓటమీ కాదు, డ్రా కూడా కాదట. అసలు జరగనట్టే. గడువు అదే రోజు కాబట్టి ఫ్రీ బెట్లు కూడా పోయాయి. మూడు తలుపులకీ తాళాలు వేసుకుని నాలుగోది బార్లా తెరిచిపెట్టాను.

తిట్టుకుంటూ గ్రౌండ్‌కి పరిగెత్తాను. మ్యాచ్ అయిపోయింది, మావాళ్ళు గెలిచినట్టున్నారు, పిల్లలు గెంతుతున్నారు. మా అమ్మాయి జాకెట్ వేసుకుని, అరచేతులు దాని పొడుగు చేతుల్లోకి లాక్కుని, బెంచీ చివర కూర్చుంది. నేను రొప్పుతూ వెళ్ళి, "బాగా ఆడావు కన్నా! ఆ సేవ్ ఉంది చూడు, సూపర్!" అన్నాను.

తను నా మొహంలోకి చూసింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు చాలాసేపు చూసింది.

"దట్ వాజ్ నాట్ మీ" అంది. జాకెట్ చేతిలోంచి కుడి చెయ్యి బయటికి తీసింది. రెండు వేళ్ళు కలిపి టేపు చుట్టి ఉంది, పైన ఐస్ సంచి. "వార్మప్‌లో బాల్ తగిలింది. నేను ఆడలేదు నాన్నా."

గెలుపు, ఓటమి, డ్రా. అసలు ఆడకపోవడం అనేది నా ఒక్క మాటలో లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లకి దెబ్బ తగిలి కళ్ళతో నన్ను వెతుక్కున్నప్పుడు నేను వాన కోసం మొక్కుతున్నాను.

ఇంటికొచ్చాక సాయంత్రం మా ఆవిడ ఆ వేళ్ళు చూసి గాభరా పడింది. "అయ్యో, ఈ టేపు ఎవరు చుట్టిన్రు?"

"కోచ్."

"నాన్న ఏడున్నడు?"

అమ్మాయి నా వైపు చూడకుండా, "కార్‌లో" అంది. మా ఆవిడ ఆ రోజు నాకు ఏ పేరూ పెట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎముకలకేం కాలేదు, బెణికింది అంతే. రెండు వారాలకి మళ్ళీ ఆడొచ్చన్నారు. ఆ శనివారం పొద్దున తను బూట్లకి లేసులు కట్టుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి, "నేను రానా?" అని అడిగాను. అమ్మ షిఫ్ట్ మార్చుకుంది, ఆమె కూడా తయారవుతోంది.

తను తలెత్తలేదు. "నువ్వు వచ్చినా ఓకే నాన్నా. రాకపోయినా ఓకే."

కోపంగా అనలేదు. మామూలుగా, తేలిగ్గా, సోఫాలో నేను ఎలా అన్నానో అలాగే అంది. తనకి ఆస్తిగా ఏం ఇస్తానో అని ఇన్నాళ్ళూ ఆలోచించాను, అది ముందే తన చేతికి అందిపోయింది.

"నాకు ఓకే కాదు" అన్నాను. "నాకు రావాలని ఉంది. నువ్వొద్దంటే ఇక్కడే కూర్చుని ఏడుస్తాను."

లేసు ముడి వేస్తూ కాస్త ఆలోచించింది. "ఫోన్?"

"ఫ్రిజ్ మీద."

మా ఆవిడ గదిలోంచే, "నేను పాత షిఫ్ట్‌కే పోతున్న, మీ ఇద్దరే పోయి రాండ్రి" అని కేకేసింది. ఆమె యూనిఫామ్ వేసుకుని రావడం చూసి, ఇంక అక్కడ పిల్లకి నేనొక్కణ్ణే అని నాకు భయం ఇంకా పెరిగింది.

ఆ మ్యాచ్ పక్కూళ్ళో. ఫోన్ లేకపోతే నాకు దారి తెలియదు, వెనక సీట్లోంచి తనే లెఫ్ట్, రైట్ చెప్పింది. మావాళ్ళు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. మూడూ రెండో సగంలోనే, మా అమ్మాయి కాపలాలోనే. నేను గడ్డి మీద ఒక్కచోట నిలబడి మొత్తం చూశాను. ఓడిపోతుంటే ఇంత మండుతుందని నాకు తెలియదు. రిఫరీ మీద ఒకసారి అరిచాను కూడా, తెలుగులో.

తిరిగొచ్చేటప్పుడు "బాగా ఆడావు" నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"రెండో గోల్ నీ తప్పే" అన్నాను. "ముందుకి రావాల్సింది. లైన్ మీదే నిలబడిపోయావు."

అద్దంలో తన కళ్ళు నా మీదికి తిరిగాయి. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పచ్చగా మారేదాకా అలాగే చూసింది.

"థర్డ్ వన్ కూడా మీ" అంది.

"మూడోది నీది కాదు. ఆ డిఫెండర్ పిల్ల వదిలేసింది."

"నో నాన్నా, నేను ముందే డైవ్ చేశా. నువ్వు సరిగ్గా చూడలా."

"చూశాను."

"చూడలా!"

"నేను ఎక్కడ నిలబడ్డానో తెలుసా? గోల్ పక్కనే!"

ఇల్లు వచ్చేదాకా పోట్లాడుకున్నాం. గరాజ్‌లో కారు ఆపాక కూడా ఇద్దరం దిగకుండా ఆ మూడో గోల్ దగ్గరే ఉన్నాం.